లేని మూట

చీరాల వేణుగోపాల్ ముప్పయ్యేళ్లుగా సైకిలు మీద ఊరూరా చీరలమ్మే మనిషి. వెనక కట్టిన చీరల మూట జారకుండా ఎడంచేత్తో పట్టుకుని, ఒంటిచేత్తో హ్యాండిల్ తిప్పుతాడు.

తాడేపల్లి దగ్గర కొండమీది సైకిల్ పార్కులో ఆయన కూతురు అఖిల కోచ్. ఆమధ్య నాన్ననీ గేర్ల సైకిలెక్కించి, మెలికలు తిరిగే మట్టి ట్రాక్ మీద వదిలింది. మొదటి దిబ్బ దగ్గరే ఆయన ఎడంచెయ్యి వెనక్కి పోయింది. లేని మూటని పట్టుకునే కిందిదాకా దిగాడు. పడలేదు.

"రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టమన్నానుగా నాన్నా."

"పెడితే మూటెవరు పట్టుకుంటారే?"

వారం తిరిగేసరికి, అదేదో కొత్త స్టైలనుకుని కుర్రకారంతా ఎడంచెయ్యి వెనక్కి పెట్టి దిగుతున్నారు, దబ్బుదబ్బున పడుతున్నారు. అది చూసి వేణుగోపాల్‌కి ఒళ్లు మండింది.

"ఏరా, వెనక మూటా లేదు, ముల్లే లేదు. ఆ చెయ్యెందుకురా అక్కడ?"