తొమ్మిదితో మొదలయ్యే ట్యాగులు

ఆఫీసులో ఆమెను అందరూ ట్యాగులక్క అనేవారు. లిఫ్టులు నడిపే ప్రోగ్రాం రాసే కంపెనీ అది. ఎవరు ఎప్పుడు ఏం మార్చినా, పాత రూపాలతో సహా అంతా ఒక సర్వరులో దాస్తారు. పరీక్షలన్నీ నెగ్గిన రూపానికి ఒక నంబరు తగిలించడం ఆమె పని. ఆ నంబరునే ట్యాగు అంటారు. ప్రతి శుక్రవారం సర్వరు అన్నిటికన్నా పెద్ద నంబరు ఏదో చూసుకుని, ఆ ప్రోగ్రాంనే ఊళ్లోని లిఫ్టులన్నిటికీ పంపేస్తుంది. పదకొండేళ్లలో ఆమె చేతి మీదుగా ఒక్క నంబరు తప్పు పోలేదు. వంటింటి డబ్బాల మీద కూడా కొన్న తేదీ రాసి అంటించే మనిషి. "నా వీపు మీద కూడా ఒకటి అంటించు, ఎప్పుడు తెచ్చుకున్నావో గుర్తుంటుంది" అని మొగుడు ఏడిపించేవాడు.

అలాంటి ఆమెకు ఒక బుధవారం పొద్దున సర్వరులో తొమ్మిదితో మొదలయ్యే ట్యాగులు పదకొండు కనిపించాయి. అప్పటికి లిఫ్టుల్లో నడుస్తున్నది 6.4. ఒకటి తెరిచి చూసింది. లోపలున్న ప్రోగ్రాం రాత అన్నయ్యది. అదే ఆఫీసులో ఇరవై ఏళ్లు బ్రేకుల ప్రోగ్రాం రాసి, పది నెలల కిందట పోయిన సొంత అన్నయ్య. ఎవరికీ చూపించకుండా వదిలేసిన సగం సగం ప్రయత్నాలవి. శుక్రవారం దాకా ఉంటే, ఆ సగం బ్రేకులే లిఫ్టుల్లోకి వెళ్లేవి.

చెరిపేసింది. మర్నాడే మళ్లీ వచ్చాయి. చెరిపేసింది. పై మంగళవారం మళ్లీ.

ఎవరు పంపారో తెలిసే దారి లేదు. టీమంతా ఒకే ఖాతాతో పంపుతారు. తలా ఒకటి చేయిద్దామని మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నారు. సర్వరు రాసుకున్నది టైము ఒక్కటే. మంగళ, గురువారాల్లో, పొద్దున పది దాటాక. అత్తగారిని కాలి వ్యాయామానికి తీసుకెళ్లాలని ఆమె ఇంటి నుంచి పనిచేసే రోజులు సరిగ్గా అవే.

"నేను లేని రోజులు చూసుకుని మరీ చేస్తున్నాడు" అనుకుంది. అనుకునేటప్పటికే ఆమె చూపు అన్నయ్య కుర్చీ మీద ఉంది.

ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చునేది అయిదు నెలల కిందట చేరిన బ్రేకుల ఇంజనీరు. అడిగినదానికి తల ఊపడమే తప్ప మాట్లాడడు కాబట్టి సైలెంటు అని పేరు పెట్టారు. అన్నయ్య కుర్చీతో పాటు కంప్యూటరూ అతనికే ఇచ్చారు. ఇంకా పర్మనెంటు కాలేదు.

"అన్నయ్య పాత ఫైళ్లు నీ దగ్గరున్నాయా?" అని అడిగింది.

"చూశానక్కా."

"చూశావా, వాడావా?"

"చూశాను."

ఆ ఒక్క ముక్క ఆమెకు ఒళ్లు మండించింది. మర్నాటి మంగళవారం అత్తగారిని మొగుడికి అప్పగించి, చెప్పాపెట్టకుండా ఆఫీసుకు వచ్చి, సరిగ్గా అతని వెనక కుర్చీ వేసుకుంది. ఫ్యాను గాలి బాగా తగులుతుందని సాకు. అతను నీళ్లు తాగినా చూసింది, మెడ గోక్కున్నా చూసింది. సాయంత్రం దాకా ఒక్క ట్యాగూ రాలేదు. వచ్చి ఉంటే దొంగతనం తేలేది. రాకపోయేసరికి దొంగ గడుసువాడని తేలింది.

ఆమె అనుమానమంతా ఆ సాయంత్రమే మేనేజరు విన్నాడు. "మీ మాట మీద నాకు నమ్మకముందమ్మా. గురువారం మధ్యాహ్నానికి పేరు రాసి సంతకం పెట్టివ్వండి. పర్మనెంటు చేసే మాట అటుంచి, ఈలోగా రేపటి నుంచే అతన్ని రావద్దంటాను."

"అతను లేకపోతే అవీ రావు, చూడండి" అంది ఆమె.

గురువారం పొద్దున ఇంట్లో ఉత్తరం రాసింది. సంతకం ఒక్కటే మిగిలింది. పెట్టేముందు ఒక చిన్న దిద్దుబాటు పంపేద్దామని లాప్‌టాప్ తెరిచింది. ఆఫీసులో ఆమెకు వేరే కంప్యూటరుంది. ఇంటి దగ్గరి పాతది పాడైతే, మూడు వారాల కిందట వదిన తెచ్చిచ్చిన లాప్‌టాప్ అది. "బల్ల మీద కనిపిస్తుంటే నా వల్ల కావట్లేదు, నువ్వు వాడుకో అమ్మడూ" అంది వదిన. అన్నయ్యది. అందులో ప్రోగ్రాం ఫోల్డరు ఆయన ఉంచినట్టే ఉంది. కొత్త కాపీ దించుకోవడానికి చేతులు రాక, అందులోనే పనిచేస్తోంది.

దిద్దుబాటు పంపింది. టైము పదీ ఇరవై. సర్వరు చూసుకుంది. పదకొండు ట్యాగులూ వరసగా కూర్చుని ఉన్నాయి. పదీ ఇరవై.

వెంటనే ఆఫీసుకు ఫోను చేసింది. "సైలెంటు వచ్చాడా?"

"మీరే కదమ్మా వద్దన్నారు! కంప్యూటరుకి వైరు కూడా పీకించాను" అన్నాడు మేనేజరు.

ఫోను పెట్టేసి తను పంపిన కమాండు మళ్లీ చదువుకుంది. మిగతావాళ్లు పంపేటప్పుడు మార్చిన ప్రోగ్రాం రాత ఒక్కటే పంపుతారు. ఆమె మాత్రం, ఒక్క ట్యాగూ వెనకబడకూడదని, మెషీన్లో ఉన్న ట్యాగులన్నీ కలిపి పంపుతుంది. పదకొండేళ్ల అలవాటు. అన్నయ్య తన ప్రయత్నాలకు అసలు నంబర్లతో కలవకుండా తొమ్మిదితో మొదలయ్యే నంబర్లు తగిలించి, తన లాప్‌టాప్‌లోనే ఉంచుకున్నాడు. వాటిని వారానికి రెండుసార్లు స్వయంగా సర్వరుకు మోస్తున్నది తనే. చెరిపింది కూడా తనే. అన్నయ్య కుర్చీలో ఎవరున్నారన్నదే చూసింది, అన్నయ్య లాప్‌టాప్ ఎవరి ఒళ్లో ఉందన్నది చూసుకోలేదు.

ఉత్తరంలో అతని పేరు కొట్టేసి తన పేరు రాసింది. సంతకం పెట్టి, తనే పట్టుకెళ్లింది.

మేనేజరు రెండుసార్లు చదివాడు. "మీ పేరు రాశారేంటమ్మా?"

"నేనే కాబట్టి. నా ట్యాగుల పని తీసేస్తే తీసెయ్యండి. అతన్ని మాత్రం ఇవాళే పిలవండి."

మధ్యాహ్నం సైలెంటు వచ్చాడు. అతని కంప్యూటరు వైరు ఆమే తగిలించింది. "తప్పు నాదయ్యా. నీ కుర్చీ చూసి నిన్ను అనుమానించాను."

అతను తల ఊపాడు. కుర్చీ ఆమె వైపు తిప్పి అన్నాడు, "మంగళవారం మీరు నా మెడ మీద ఊపిరి వదుల్తూ కూర్చున్నారు చూడండి, అది కూడా ఆ ఉత్తరంలో రాయాల్సిందక్కా."

అతను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం ఆ ఆఫీసు వినడం అదే మొదలు. ఆమెకు నవ్వొచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది.

"సర్వరులో ఉండగా 9.11 తెరిచి చూశాను" అన్నాడు. "లిఫ్టు ఆగేటప్పుడు కుదుపు లేకుండా చెయ్యాలని చూశారు మీ అన్నయ్య సార్. ఇంకొంచెం ఉంటే అయిపోయేది. చెరిపేశారా?"

"సర్వరులో చెరిపేశాను" అంది ఆమె. "ఇంట్లో ఉంది. రేపు తెస్తాను, ఈ కుర్చీ దగ్గరికే."