రెల్లుపాటి వారి కోసం కొల్లేటి ఒడ్డు చర్చికి

మా అమ్మాయి సుగుణకు పెళ్ళి కుదిరిన సంతోషం సరిగ్గా తొమ్మిది రోజులు నిలిచింది. మా ఇళ్ళల్లో జాతకాల గొడవ లేదు, చిక్కంతా ఇంటిపేరు దగ్గర వచ్చింది. మేము రెల్లుపాటి వారం. అత్తిలి పెళ్ళికొడుకు వాళ్ళూ రెల్లుపాటి వారే. వేరే వేరే ఊళ్ళు కదా అని మొదట సరిపెట్టుకున్నాం. తీరా పెళ్ళికొడుకు నాయనమ్మ మాటల్లో అసలు సంగతి బయటపడింది. ఆమె భర్త పెరిగింది కొల్లేటి ఒడ్డున చర్చి పక్కనున్న అనాథశాలలో. పోయిన మా నాన్న పెరిగిందీ అక్కడే. ఎక్కడా వినపడని ఇంటిపేరు, ఒకే అనాథశాల! వాళ్ళిద్దరూ అన్నదమ్ములైతే ఈ పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ళ వరస అవుతారు. ఆదివారం చర్చిలో మొదటి పెళ్ళి ప్రకటన చదవాలి. సుగుణ పెళ్ళికొడుకు రాసిన ఒకే ఒక్క ఉత్తరాన్ని తీసుకెళ్ళి ట్రంకుపెట్టె అడుగున పెట్టేసింది. అది చూశాక నాకు అన్నం సహించలేదు.

శనివారం ఉదయం ఆరున్నర ప్యాసింజరుకు తాడేపల్లిగూడెంలో ఎక్కాం, నేనూ, పెళ్ళికొడుకు తండ్రి సత్యానందం గారూ. ఆయన అత్తిలిలో వ్యవసాయం చేసుకుంటారు, నేను బడిపంతుల్ని. సంబంధం కుదిరిన రోజు నుంచీ ఒకరినొకరం నోరారా 'బావగారూ' అనుకున్నవాళ్ళం. ఇప్పుడు బావగారో అన్నయ్యగారో తేలని మనుషులం కదా, ఏలూరు దాకా 'ఏవండీ' తోనే నెట్టుకొచ్చాం. మూడో తరగతి టిక్కెట్టు ఏడున్నర అణాలు, ప్రయాణం గంటన్నర పైమాటే. భీమడోలు దగ్గర ఎడమ కిటికీ వైపు కూర్చుంటే పక్షుల గుంపులు కనిపిస్తాయంటారు. నేను ఆ వైపే కూర్చున్నాను గాని ఒక్క పక్షినీ చూసిన గుర్తు లేదు.

ఏలూరు జిల్లా కేంద్రం అయ్యాక అక్కడి జట్కావాళ్ళకు కాస్త దర్జా పెరిగింది. పెదపాడు మీదుగా రేవు దాకా రూపాయి అన్నవాడు పన్నెండణాలకు దిగాడు. "పెదపాడు దాటగానే గోపురం కనబడతాదండి. కనబడతానే ఉంటాదండి, చేరడవే ఆలీసం," అన్నాడు. అన్నట్టే అయింది. రేవులో దిగాక తాటిమాను తొలిచిన దోనె ఎక్కాలి, మనిషికి అణా. సత్యానందం గారికి ఈత రాదు. ఆయన బిగుసుకుపోవడం చూసి దోనెవాడు, "తుమ్ము రాకుండా చూసుకోండి బాబూ, మిగతాది నేను చూసుకుంటానండి," అని భరోసా ఇచ్చాడు. ఒడ్డు చేరేసరికి పదకొండు దాటింది.

చర్చి చూడగానే మెడ వెనక్కి వాల్చాల్సిందే. మొన తేలిన తోరణాలు, సన్నని పొడుగాటి కిటికీలు, వాటికి రంగురంగుల అద్దాలు, గోడలకు బయట నుంచి ఆసరా ఇచ్చే దిమ్మలు. గోథిక్ పద్ధతి అంటారు. నమూనా దొరల దేశం నుంచి కాగితం మీద వచ్చిందట, కట్టింది మాత్రం మన తాపీమేస్త్రులు. స్తంభాల తలల మీద చెక్కమన్న సీమ ఆకులేవో వాళ్ళకు తెలియక, తెలిసిన తామరాకులూ కొల్లేటి కొంగలూ పెట్టేశారు. నాకవే ఎక్కువ నచ్చాయి. వరదకు భయపడి అరుగును మనిషెత్తున లేపారు. దాని మీద ఏ ఏడు నీళ్ళు ఎందాకా వచ్చాయో గీతలు గీసి ఉన్నాయి. పైగీత నా భుజం దాకా వచ్చింది.

నేను ముందే కార్డు రాయడం వల్ల, పాస్టరుగారు ఊళ్ళమీదికి వెళ్తూ తాళాలు సంతోషమ్మగారికి ఇచ్చి వెళ్ళారు. ఆమెకు ఎనభై ఏళ్ళు ఉంటాయి. అనాథశాలలోనే పెరిగి, అక్కడే వంట చేసింది. పిల్లలు తగ్గిపోయి ఉన్నవాళ్ళను పట్నం హాస్టలుకు పంపేశాక ఆ పొడుగాటి పెంకుటిల్లు సగం బడి, సగం ధాన్యం కొట్టు అయింది. పేరుకు అంత గొప్ప భవనమా, లోపలికి వెళ్తే గబ్బిలాల కంపు! కస్తూరివారి సామెత ఇక్కడే పుట్టిందేమో అన్నాను. సత్యానందం గారు నవ్వలేదు. గోడ పొడుగునా బట్టలు తగిలించుకునే చిలకకొయ్యలు నా నడుము ఎత్తులోనే ఉన్నాయి. వీటిలో మా నాన్నది ఏదో!

చర్చి వెనక గదిలో సంతోషమ్మగారు రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టింది. మా నాన్న పేరు దొరికింది. ఇంటిపేరు గడిలో రెల్లుపాటి. సత్యానందం గారి తండ్రికీ రెల్లుపాటి. కాగితం తిప్పితే ఆ వరసలో అందరూ రెల్లుపాటి వారే.

"ఇంతమంది అన్నదమ్ములా?" అన్నారు సత్యానందం గారు, నీరసంగా.

సంతోషమ్మగారు బోసినోటితో నవ్వింది. "నాదీ ఆ పేరేనండి, మా ఆయనదీ అదేనండి. ఈ గుళ్ళోనే పెళ్ళి చేశారండి మాకు. మత్తయి పంతులుగారని, మాకు అచ్చరాలు చెప్పేవోరండి. ఆయన ఇంటిపేరండి అది. ఆ గడి కాళీగా ఉంటే ఊరుకునేవోరు కాదండి. 'రేపు బయటికెళ్తే ఎవరింటి పిల్లలంటారు, ఏం చెప్తారు' అని తన పేరే రాసేసేవోరండి. ఆయనకి పిల్లల్లేరండి. పక్కగడి చూడండి బాబూ, ఎవరెక్కడోళ్ళో రాసుంటాది."

పక్కగడి చదివాను. సత్యానందం గారి తండ్రి మెట్ట నుంచి కరువులో కట్టెల బండి మీద వచ్చాడు, తండ్రి దారిలో పోయాడు. మా నాన్నది ఒక లంక. తండ్రి వరదలో కొట్టుకుపోయాడు. 'తల్లి తెచ్చి అప్పగించినది. ఒక్కడే బిడ్డ.' ఆ రెండు మాటలూ పైకి రెండుసార్లు చదివాను. మా నాయనమ్మ ఒకతె ఉండేదని నాకు తెలిసింది ఆ గదిలోనే. మెట్ల మీద కూర్చుని పిల్లాడిలా ఏడ్చాను. ఏడుస్తుంటే ఎంత తేలికగా ఉందో చెప్పలేను.

సంతోషమ్మగారు కొరమీను పులుసుతో అన్నం పెట్టింది. వారం రోజుల ఆకలీ ఆ పూటే తీర్చుకున్నాను. చెయ్యి కడుక్కుంటుంటే భుజం మీద చెయ్యి పడింది.

"లేవండి బావగారూ, దోనె వెళ్ళిపోద్ది," అన్నారు సత్యానందం గారు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. విన్నంతసేపూ సుగుణ తల ఎత్తలేదు, తర్వాత వెళ్ళి ట్రంకుపెట్టె మూత తెరిచింది. పెళ్ళయితే ఆడపిల్ల ఇంటిపేరు మారుతుందంటారు. మా అమ్మాయిది మారదు. పిల్లల్లేని ఒక పంతులుగారి పేరు మా రెండు కుటుంబాల్లోనూ నిలబడింది, అది చాలు నాకు.

ఆ చర్చికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. పాస్టరుగారికి ముందుగా కార్డు రాసి వెళ్ళండి. అక్కడ మీవాళ్ళ కోసం రిజిస్టరు తెరిస్తే మాత్రం ఇంటిపేరు గడి దగ్గర ఆగిపోకండి, పక్కగడి కూడా చదవండి.