సాల్వియాల మధ్య పులికంప

చిత్తూరు ఊరి చివర ఇల్లు కట్టుకున్నాక వాకిలి పక్కన సాల్వియా పూలమొక్కలు పెంచడం మొదలుపెట్టాను. ఎర్రవీ, నీలంవీ. వాటిలాగే ఉండే మొక్కలు ఎన్నో ఉంటాయని అప్పుడు తెలియదు. నీలం సాల్వియా అనుకొని తెచ్చిన రెండు మొక్కలు పూశాక ఏంజెలోనియాలనే వేరే మొక్కలని తేలింది. నవ్వుకొని వాటినీ ఉంచుకున్నాను. ఆ తర్వాత ఏ మొక్క తెచ్చినా కాడ తడిమి చూసేదాన్ని. సాల్వియా కాడ నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా వస్తాయి, నలిపితే ఘాటు వాసన.

ఆ వేసవిలో తిరుపతి రోడ్డు పక్కన నర్సరీలో, పూలు లేని మొక్క ఒకటి ఇచ్చి, ఇదీ సాల్వియానే అన్నారు. కాడ పలకలుగానే ఉంది. నమ్మి పాతాను.

రోహిణి ఎండలు పోయి రెండు వానలు పడ్డాక, పొద్దున్నే కూర్చొని ఎండకు సాగిపోయిన మొక్కలన్నీ కత్తిరించాను. తట్టెడు ఆకు వచ్చింది. పక్కింటి అక్కకు ఒక చూడి ఆవు ఉంది. భర్త పోయాక ఆ ఆవు మీదే ఆమె బతుకు. పచ్చిగడ్డి దొరకని రోజులు. ఎప్పటిలాగే తట్ట తీసుకెళ్లి గోడ మీదుగా ఆవు మేసే గాట్లో కుమ్మరించాను.

మధ్యాహ్నం వాకిలి ఊడుస్తుంటే పొద్దున కత్తిరించిన ఆ నర్సరీ మొక్క కొమ్మ ఒకటి చీపురుకు చిక్కుకుంది. తీయబోతే వేలు గీసుకుంది. కాడను పైనుంచి కిందికి నిమిరితే నున్నగా ఉంది. కిందినుంచి పైకి నిమిరితే సన్నని ముళ్లు. ఆకు నలిపి వాసన చూశాను. చిన్నప్పుడు మా చేని గట్టు మీద వచ్చిన వాసన. పులికంప. నర్సరీల్లో లంటానా అంటారు. నాయన మా మేకలను ఆ గట్టు వైపు పోనిచ్చేవాడు కాదు. "అది తిన్న గొడ్డు ఎండను ఓర్సుకోలేదు. తోలు ఊడిపోయి సస్తాది" అనేవాడు.

చీపురు అక్కడే పడేశాను. గోడ దగ్గరికి వెళ్లి తొంగి చూశాను. గాట్లో సగం కూడా మిగల్లేదు. ఆవు ఎండలోనే నిలబడి నెమరు వేస్తోంది.

నేను చేయవలసింది ఆ క్షణమే అక్కను పిలవడం. పిలవలేదు. లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. ఏమీ కాకపోవచ్చు అనుకున్నాను. ఏమన్నా అయినా ఎండదెబ్బ అనుకుంటారు, నేనని ఎవరికి తెలుస్తుంది అని కూడా అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చినందుకు ఆవుకేమవుతుందోనన్న దానికంటే నన్ను చూసుకొనే నాకు ఎక్కువ భయమేసింది. అరగంట గడిచాక లేచి వెళ్లాను. ఆ అరగంట సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

అక్క బియ్యం ఏరుతోంది. నన్ను చూసి, "ఏం మే, మొగం అట్లుండాది?" అంది.

"అక్కా, పొద్దున నేనేసిన ఆకులో పులికంప కలిసిపోయింది. నాకు తెలీలేదు."

 ఆమె చేట పక్కన పెట్టి పరుగున గాటి దగ్గరికి పోయింది. మిగిలిన ఆకంతా చేతులతో లాగి బయట పారేసింది. "నువ్వు తాడు పట్టుకో. నీడకు తోలుదాం" అంది. ఇద్దరం కలిసి ఆవును కొట్టంలోకి తోలాం.

సాయంత్రానికి పశువుల డాక్టరు వచ్చి బొగ్గుపొడి మందు నీళ్లలో కలిపి తాగించాడు, సూది వేశాడు. "దీని మీద పొద్దు పడకూడదు. కడుపులో దూడ సంగతి ఇప్పుడే సెప్పలేనమ్మా" అన్నాడు.

కొట్టానికి గోనెపట్టాలు, నా పాత చీరలు కట్టి చీకటి చేశాం. మర్నాడు ఆవు మేత ముట్టలేదు. మూడో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి. ముక్కు మీది తెల్లమచ్చ చిట్లి చర్మం పొరలుగా లేచింది.  గోడ అవతల ఆవు కదిలితే ఏమైందోనని భయం, కదలకపోతే ఇంకా భయం. రోజుకు పదిసార్లు వెళ్లి దాని పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు అక్క వేపనూనె పూస్తూ, నా వైపు చూడకుండానే అంది: "నువ్వు సెప్పకుండా ఉండింటే, ఎండదెబ్బ అనుకోని ఎండలోనే కట్టేసి మజ్జిగ తాపుతా ఉందును." నేను నూనె గిన్నె ఆమె వైపు జరిపాను.

ఏడో రోజు అది నాలుగు పోచల గడ్డి కొరికింది. అక్క కొట్టంలోనే కూలబడి ఏడ్చింది. అంతవరకు ఆమె కంట నీరు నేను చూడలేదు.

ఆషాఢంలో ఆవు ఈనింది. పెయ్యదూడ, బక్కగా పుట్టింది గాని లేచి నిలబడింది. ఆ ఏడంతా ఆవు పాలు తక్కువే ఇచ్చింది. ముర్రుపాల జున్ను అక్కే తెచ్చి ఇచ్చింది. కానీ గోడ మీదుగా మళ్లీ నేనేమీ వేయలేదు, ఆమె కూడా వేయమని అడగలేదు.