బసవయ్య మూడో కప్పు

మట్టి పరీక్షల బసవయ్యకు లోకంలో ఒకటే జబ్బు, చాయ్. ఇల్లు కట్టేముందు బోరేసి నేల గట్టిదో కాదో చూడమని పిలిస్తే, ఆ గల్లీలో గడప గడపకూ చాయ్ తాగందే మిషన్ ముట్టడు. చార్మినార్ కట్టేటప్పుడు ఈయన్ని పిలిచుంటే ఇప్పటికి రెండు మినార్లే లేచేవి. ఇవి కోతలు కావు. కోతలైతే ఒక్కటే అని చెబుదును.

గౌలిపుర యశోదకు మాత్రం నవ్వు రాలేదు. పాత ఇల్లు కూల్చేసింది. బర్రెలు మరిది కొట్టంలో, తాను పిల్లలతో కిరాయి గదిలో. ఎల్లుండి శుక్రవారమే పునాదికి ముగ్గు పోయాలి. మిషనేమో పొద్దుటినుంచి ఊరికే నిలబడి ఉంది. బసవయ్యేమో, యశోద పక్కింట్లో ఒక్కతే ఉండే ముసలి కుల్సుమ్ ఖాలా అరుగుమీద మూడో కప్పు ఊదుతున్నాడు.

"పరీక్ష దేనికక్కా?" మేస్త్రీ కృష్ణయ్య ఎగదోశాడు. "ఆ మూల తవ్వితే నాలుగడుగులకే బండ తగిలింది. ఏనుగును నిలబెట్టు, కదలదు!"

యశోద గబగబా అరుగు దగ్గరికి పోయింది.

"సార్, మీ కాళ్లు మొక్కుత. జర లేవండి."

"వస్తున్నమ్మా. ఖాలా, ఇంకో అర కప్పు."

"పీలో బేటా," కుల్సుమ్ కేటిల్ వంచింది. "ఏం చెప్తుంటి? ఆఁ, నేను పెండ్లయి వచ్చినప్పుడు ఆ మూలకే బర్లు నీళ్లు తాగుతుండె."

బసవయ్య కప్పు గాలిలో ఆగింది. "ఏ నీళ్లు?"

"బావి నీళ్లు. ఎండిపోతే యశోద మామ పెంట, పొట్టు నింపి పైన బండ కప్పిచ్చిండు."

బసవయ్య లేచాడు. మేస్త్రీ చూపిన బండమీదనే బోరు పెట్టించాడు. బండ పగిలింది, రాడ్డు జర్రున లోపలికి జారింది. పైకి నల్లటి పెంట వచ్చింది. కృష్ణయ్య తన ఏనుగును మెల్లగా పక్కకు తోలుకుపోయాడు.

యశోద కూలబడింది. "ఇగ నాకు ఇల్లు లేదా సార్?"

"ఎందుకు లేదమ్మా? బావి ఒక్క మూలకే."

మర్నాడు సాయంత్రం దాకా మూడు బోర్లు. మూడింటా పదిహేనడుగులకు అసలు బండ. ఇంకో పదడుగులు తొలిచినా బండే.

"పిల్లర్లు ఇటు జరపాలె," అన్నాడు బసవయ్య. " ఆ మూల వాకిలి పెట్టుకో. ముగ్గు ఒక్క వారం ఆపు, ఫికర్ వద్దు."

యశోద పరుగున పోయి పెద్ద గ్లాసెడు మలాయి చాయ్ తెచ్చింది. బసవయ్య రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"నీళ్లియ్యమ్మా చాలు. చాయ్ నాకు పడదు. కడుపుల మంట."

"మరి నిన్న గన్ని కప్పులు తాగితిరి?"

"ఒట్టిగ అడిగితే ఎవరు చెప్తరు? రెండో కప్పు దాకా అందరివీ మోకాళ్ల నొప్పులే. మూడో కప్పు దాటితేనే బావులు బయటికొస్తయి."

ఇంతలో అరుగుమీద ఒక్కతే కూర్చున్న కుల్సుమ్ పిలిచింది. "బేటా, చాయ్!"

పని అయిపోయింది, అడగాల్సింది ఏమీ లేదు. బసవయ్య జేబులోంచి కడుపు మంట గోలీ తీసి మింగాడు.

"వస్తున్న ఖాలా, పొయ్యిమీద పెట్టు!"