పటాలు కట్టేవాడి చెల్లెలు

మా వీధి మలుపులో పటాలు కట్టే దుకాణం ఒకటుండేది. దాని యజమాని మాట తక్కువ మనిషి. అద్దం మీద వజ్రంతో ఒక్క గీత గీసి, బల్ల అంచున ఆనించి టక్కున విరిచేవాడు. ఆశ్రమం గురువుగారి బొమ్మకు మాత్రం చెప్పులు విప్పి మరీ మేకులు కొట్టేవాడు. ఊళ్లో సగం ఇళ్ల గోడల మీదికి ఆ బొమ్మ అతని చేతుల మీదుగానే ఎక్కింది.

అతని చెల్లెలు పంతొమ్మిదో ఏట గురువుగారి ఆశ్రమ వైద్యశాలలో నర్సుగా చేరింది. పంపింది అన్నే. ఎనిమిది నెలలకు చేతిసంచితో తిరిగొచ్చి, దుకాణంలోనే నిలబడి చెప్పింది.

"ఆయన మంచివాడు కాదన్నయ్యా. లోపల గడియ పెట్టాడు. భయపడకు, నీలోని బరువు దించుతున్నానన్నాడు."

అతను లాగి చెంపమీద కొట్టాడు. "ఆ నోటితో ఆయన పేరెత్తకు!"

ఆ సాయంత్రమే ఆమె వేరే ఊరికి వెళ్లిపోయింది. ఎవరైనా అడిగితే, "దానికి తలతిక్క" అనేవాడు.

పద్దెనిమిదేళ్లు గడిచాయి. నలుగురు ఆడవాళ్లు ఫిర్యాదు చేయడంతో పోలీసులు గురువుగారిని తీసుకుపోయారు. ఇదంతా గిట్టనివాళ్ల కుట్ర అని అతను రెండు రోజులు అందరితో వాదించాడు. మూడో రోజు టీవీలో, ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒకామె అంది: "నీలోని బరువు దించుతున్నానన్నాడు."

అతను సుత్తి బల్ల మీద పెట్టేశాడు.

ఆ వారమంతా జనం పటాలు వెనక్కి తెచ్చారు. "బొమ్మ పీకేసి మా మనవరాలి ఫోటో పెట్టు. చెక్కేం పాపం చేసింది?" అన్నాడు రిటైరైన మాస్టారు. ఒక ముసలమ్మ మాత్రం పటాన్ని ఒళ్లోంచి దించలేదు. "ముప్పై ఏళ్లు లేవగానే ఈ మొహమే చూశాను నాయనా. రేపట్నుంచి ఎవర్ని చూడను?" అంది.

వెతుక్కుంటూ చెల్లెలి దగ్గరికి వెళ్లాడు. ఆమె ఒక ఆసుపత్రిలో బట్టలుతికే గదిలో, ఆవిరి మధ్య దుప్పట్లు మడతపెడుతోంది. జుట్టు సగం నెరిసింది.

"నేను చెబితే నమ్మలేదు. టీవీ చెబితే నమ్మావా?" అంది, మడత ఆపకుండానే.

"తప్పయిపోయిందమ్మా. అందరికంటే ముందు నోరు విప్పింది నువ్వే. నిజమైన దేవతవి నువ్వు. నీ ఫోటో పెద్దది కట్టి దుకాణంలో పెడతాను."

ఆమె దుప్పటి కింద పెట్టింది. "చాల్లే అన్నయ్యా. ఒకణ్ణి దించగానే ఇంకొకర్ని ఎక్కించాలా? నువ్వు కొట్టాక నేను మరొకరికి చెప్పలేదు. నా తర్వాత ఆ గదిలోకి వెళ్లిన పిల్లల సంగతి నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. నన్నెక్కడా తగిలించొద్దు."

అతను అక్కడే నేల మీద కూర్చున్నాడు. ఆమె లేవమనలేదు. దుప్పటి మళ్లీ అందుకొని, "సాక్ష్యం చెప్పమని పాత నర్సులందరికీ పోలీసుల కబురొచ్చింది. నేను అప్పుడే చెప్పానని చెప్పడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు" అంది.

కోర్టులో లాయరు అడిగాడు: "చెల్లెలు చెప్పినప్పుడు మీరేం చేశారు?"

"కొట్టానండీ."

"గట్టిగా చెప్పండి."

"కొట్టాను."

వెనక బెంచీల్లో గురువుగారి మనుషులు నవ్వారు. ఆమె తల తిప్పి అన్న వైపు చూడలేదు.

నాలుగు నెలలకు గురువుగారు బెయిలు మీద బయటికొచ్చారు. ఆశ్రమం ముందు మళ్లీ చెప్పుల గుట్టలు. కొందరు కొత్త బొమ్మలు పట్టుకొని దుకాణానికి వచ్చారు. అతను కట్టనన్నాడు. బేరాలు పడిపోయాయి. పెళ్లాం సణిగింది.

ఆదివారాల్లో చెల్లెలికి ఫోన్ చేస్తాడు. ఆమె ఇంతవరకూ అతని గడప తొక్కలేదు. తిన్నావా అంటే ఆఁ అంటుంది. పోయిన వారం మాత్రం తనే అడిగింది.

"కోర్టుకు మళ్లీ పిలుస్తారట. వస్తావా?"

"వస్తాను."

"సరే" అని పెట్టేసింది.