సత్తెమ్మత్త గిన్నెలో ఏనుగు చెవి

మా చిన్నప్పుడు... బంద్ అని తెలిసిన పొద్దున అమ్మ మా మొహాలకంటే ముందు డబ్బాల్లోకి తొంగిచూసేది. బొరుగులు ఎన్ని మిగిలాయి, గోధుమపిండి ఎంతుంది, బెల్లం ముక్క ఉందా లేదా... ఆ తర్వాతే కుంపటి రాజేసేది.

తెలంగాణ ఉద్యమం మొదటిసారి జోరుగా సాగిన ఏడాది అది. నేను రెండో తరగతి, చెల్లి చిట్టికి నాలుగేళ్ళు. నాన్నది యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం. అనంతపురం నుంచి వచ్చి క్యాంపస్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. బళ్ళు మూసేశారు. తార్నాకలో కొట్లు ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలియదు. మాకేమో ఇంట్లో కూర్చుంటే ఆకలి రెండింతలు...

చిట్టి ఏది తినాలన్నా దానికో ఆకారం ఉండాలి. అందుకని అమ్మ నానబెట్టిన బొరుగుల ఉగ్గానిని గిన్నెతో బోర్లించి "కొండ" అనేది. చద్దన్నానికి పోపు పెట్టి, ఉండలు చేసి, "పిట్టగుడ్లు, పగలకుండా తినాల" అనేది. అన్నింటికంటే గొప్పది ఏనుగు రొట్టె. గోధుమపిండిలో బెల్లం నీళ్ళు కలిపి, చేత్తో ఒత్తి, చెవులు వేరే అతికించి, కంటికి ఒక లవంగం గుచ్చేది. తొండం ఎప్పుడూ మాడేది. ఆ మాడిన తొండం కోసమే మేమిద్దరం కొట్టుకునేవాళ్ళం.

పక్క క్వార్టర్‌లో సత్తెమ్మత్త. వాళ్ళది వరంగల్ వైపు. మాకు చుట్టం కాదు, కానీ అమ్మకు వదిన, మాకు అత్త. బియ్యప్పిండిలో పల్లీలు కలిపి సర్వపిండి రొట్టెలు చేస్తే మా వాటా గోడమీదుగా వచ్చేది... తన పేరు చెక్కించుకున్న స్టీలు గిన్నెలో. ఆ గిన్నె ఎన్నడూ ఖాళీగా తిరిగి వెళ్ళేది కాదు. ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. అది రెండిళ్ళలోనూ పద్ధతే.

ఒకసారి అలా సర్వపిండి వచ్చింది. ఆ మర్నాటినుంచి వరసగా బంద్‌లు. మాకు సరిపోను పిండి తప్ప, గిన్నెలో వేసి పంపడానికి ఇంట్లో ఏమీ మిగలలేదు. అమ్మ దాన్ని చింతపండు పెట్టి తోమి, గూట్లో బోర్లించింది. రేపు ఇద్దాం, ఎల్లుండి ఇద్దాం...

ఈలోగా గోడ దగ్గర మాటలు తగ్గాయి. అత్త బట్టలారేసి గబగబా లోపలికి వెళ్ళిపోయేది. వాళ్ళాయన ఊరేగింపులకు వెళ్తున్నాడని అందరూ అనుకునేవారు. "వదిన మనతో మాట్లాడడం మానేసింది" అంది అమ్మ ఒకరోజు. "మన ఊరికి పోదామా" అన్నాడు నాన్న. అమ్మ కాదనలేదు. నాకు ఊరంటే సరదా, కానీ అమ్మ మొహం చూస్తే మాత్రం ఏడుపొచ్చింది.

ఒక పొద్దున చివరి పిండితో అమ్మ ఒకే ఏనుగు చేసింది. ఇద్దరికీ చెరో సగం. తింటూ ఉండగా వాకిట్లో అత్త.

"నా గిన్నె ఏది వదినె?"

అమ్మ లేచి గూట్లోంచి తీసింది కానీ చేతికివ్వలేదు. "ఖాళీ గిన్నె ఎట్ల ఇచ్చేది వదినా... ఇంట్లో ఏమీ ల్యాకపాయె."

 అత్త గడపమీదే కూలబడి, "గిందుకా! నాతోని మాట బంద్ వెట్టినవ్, గిన్నె గూడ ముట్టుకోబుద్ధి అయితలేదేమో అనుకున్న. నీకు తెలివున్నదా అసలు?" అంది. "మీ ఆంధ్రోళ్ళకు..."

"మేం ఆంధ్రోళ్ళం కాదు వదినా, సీమోళ్ళం."

"గవన్నీ నాకేమెరుక, మీరు మీరు ఒకటే!"

ఇద్దరూ నవ్వారు. కొంగులు మాత్రం కళ్ళ దగ్గరే ఉన్నాయి. అప్పుడు చిట్టి లేచి, తన సగం రొట్టెలోంచి చెవి తుంచి గిన్నెలో వేసింది. "ఇప్పుడు ఖాళీ లేదు" అంది.

అత్త ఆ చెవిని అలాగే గిన్నెలో పెట్టుకుని, మూతపెట్టినట్టు అరచెయ్యి అడ్డంగా పెట్టి తీసుకువెళ్ళింది.

మధ్యాహ్నం గిన్నె మళ్ళీ వచ్చింది. లోపల ఒక సర్వపిండి... ఏనుగంట! కాళ్ళు మూడే ఉన్నాయి. కంటికి ఒక పల్లీ. ఒక చెవి మాత్రం లేదు. "మీ చిట్టి ఇచ్చిందాన్నే అతికించుకోమనండ్రి" అని కబురు. చిట్టి చెవి అత్త తినేసిందో, అది కూడా గిన్నెలో తిరిగొచ్చిందో నాకు గుర్తులేదు. బహుశా ఇందులో సగం అమ్మ తర్వాత చెప్పగా నేను అల్లుకున్నదేమో. మూడు కాళ్ళు మాత్రం నిజం.

సాయంత్రం నాన్న మళ్ళీ ఊరి మాట ఎత్తితే అమ్మ గూటివైపు చూపించింది. "ఆమె గిన్నె మనింట్లో పెట్టుకుని ఎట్ల పోతాం?"

మేము వెళ్ళలేదు.

నలభై ఏళ్ళు దాటాయి. ఇవాళ మళ్ళీ తెలంగాణ బంద్. తార్నాకలో మా ఫ్లాటు కిటికీలు మూసినా టియర్ గ్యాస్‌కి కళ్ళు మండుతున్నాయి. పిల్లలకు ఏనుగు రొట్టె చేశాను... పెద్దవాడు "ఇది బర్రెలా ఉందమ్మా" అన్నాడు. ఎదురింటివాళ్ళకు రెండు పంపుదామని వెతికితే ఐస్‌క్రీం తాలూకు ప్లాస్టిక్ డబ్బా దొరికింది. అందులోనే పెట్టి ఇచ్చాను. "డబ్బా తిరిగి ఇవ్వక్కర్లేదండీ" అని కూడా అన్నాను, మర్యాద అనుకుని. తలుపు మూశాక అనిపించింది, ఎందుకన్నానా అని...

మీ వంటింట్లో వేరేవాళ్ళ పేరు చెక్కిన గిన్నె ఏదైనా ఇంకా ఉందా? ఉంటే అందులో ఏం వేసి తిరిగిస్తారో... చెప్పండి, వినాలనుంది.