నర్సు యాదమ్మ బతికిన కథ

మా చిన్నతనంలో... ఫిల్మ్ నగర్‌లో మా రేకుల ఇంటి గోడకి ఆనుకునే యాదమ్మత్త గది. మధ్యాహ్నం పని నుంచి వచ్చి, గడప మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ ఉండేది. ఎదురుగా బండ మీద నేను. ఒళ్ళో అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లీషు నవల... పక్కన డిక్షనరీ.

"ఏమైంది బిడ్డా? గా పురుగు ఇయ్యాల ఎంతమందిని మింగింది?"

ఆ పుస్తకం తెచ్చింది ఆమే. తను పని చేసే జూబ్లీహిల్స్ బంగళాలో డాక్టరుగారు పాత పుస్తకాలు పారేస్తుంటే, "మా పక్కింట్ల చదివే పోరడున్నడు" అని అడిగి తెచ్చింది. నాకు పన్నెండేళ్ళు. తెలుగు మీడియం. అట్ట లేదు కాబట్టి ఆ నవల పేరు ఈనాటికీ తెలియదు. ఎక్కడో దూరదేశంలో ఓ ఊరు... కంటికి కనబడని పురుగులాంటి వైరస్... సోకినవాళ్ళు సోకినట్టే రాలిపోవడం. రోజుకి రెండు పేజీలు కూడబలుక్కుని, అర్థమైనంత ఆమెకి చెప్పేవాణ్ణి. క్వారంటైన్ అన్న మాట నాకు అక్కడే పరిచయం.

మా నాన్న డబ్బింగ్ థియేటర్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. పొద్దున తమిళంలో ఏడ్చిన మునియమ్మ, సాయంత్రానికి తెలుగులో మంగమ్మ అయిపోయేది. ఏ ఊరి కథైనా మా పేటకి వస్తే తెలుగు మాట్లాడాల్సిందే కదా... నేనూ నా నవలని డబ్బింగ్ చేసేశాను. ఆ ఊరు మధురానగర్ అయింది. నోరు తిరగని పేరున్న పెద్ద డాక్టరు, రంగారెడ్డి డాక్టరయ్యాడు. రోగుల దగ్గరే ఉండి సేవ చేసే నర్సు కథలోకి వచ్చేసరికి, యాదమ్మత్త చేట పక్కన పెట్టింది.

"గామెకు నా పేరు పెట్టు."

"నర్సంటే తెల్లచీర కట్టుకోవాలత్తా."

"కట్టుకుంట తియ్. నువ్వు కొనిస్తవా? ముందుగాల పేరు పెట్టు."

అలా పుట్టింది నర్సు యాదమ్మ. ఆ తర్వాత రోజూ ఒకటే ప్రశ్న... "సూదులు మంచిగ ఏస్తున్ననా?"

ఆ ఎండాకాలం మొదట్లో ఒకరోజు ఆమె పనికి పోలేదు. ఒళ్ళంతా పొక్కులు. "అమ్మవారు పోసింది" అని మా అమ్మ ఆ గుమ్మానికి వేపమండలు కట్టింది. మా ఇంట్లో కూడా పోపులు బందు.

"ఒరేయ్ శీనూ, ఆ గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతా!"

తనకి చిన్నప్పుడే పోసిందట... అందుకని అమ్మ మాత్రం మజ్జిగా, మెత్తటి అన్నమూ పట్టుకుని లోపలికి వెళ్ళేది. నవల్లో సైన్యం కాసిన క్వారంటైన్‌ని మా వీధిలో నాలుగు వేపమండలు కాశాయి.

మూడు రోజులైనా జ్వరం తగ్గలేదు. బస్తీ డాక్టరు చూసి, పెద్దవాళ్ళకొస్తే ఊపిరితిత్తులకి పాకొచ్చు, జాగ్రత్త అని చెప్పి వెళ్ళాడు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే నేను నూట పన్నెండో పేజీకి వచ్చాను. నర్సుకి జ్వరం. అరపేజీ తిరక్కుండా ఆమె ముఖం మీదికి దుప్పటి లాగేశారు. ఆ మాటలకి వేరే అర్థం ఏమైనా ఉంటుందేమోనని డిక్షనరీలో రెండుసార్లు చూశాను... లేదు.

ఆ పేరు పెట్టింది నేను. యాదమ్మత్తకి జబ్బు తెచ్చింది కూడా నేనే అనిపించింది. పుస్తకం మూసేశాను.

లోపలి నుంచి సన్నగా గొంతు. "శీనూ... ఉన్నవా? కథల నాకేమైంది?"

"జ్వరం వచ్చిందత్తా... నర్సుకి."

"ఎక్కువనా?"

"ఎక్కువే. కానీ రంగారెడ్డి డాక్టరు మందు కనిపెట్టాడు. రేపు వేస్తాడు."

"రేపా? ఇయ్యాల ఏస్తే ఆయన సొమ్మేం పోయింది?"

"ఇవాళే వేశాడత్తా... ఇప్పుడే!"

ఆ రోజు నుంచి గడప ఇవతల కూర్చుని, పుస్తకంలో లేని కథ చదివాను. ఆమెకి వినబడాలని పేజీలు చప్పుడు చేస్తూ తిప్పేవాణ్ణి. నర్సు యాదమ్మ కళ్ళు తెరిచింది. గంజి తాగింది. లేచి కూర్చుని డాక్టరుని తిట్టింది.

"గంజేనా? గా దవాఖానల ఓ తునక కూర గిట్ల పెట్టరా?"

ఐదో రోజు ఎంత చదివినా లోపలి నుంచి పలుకు లేదు. నేను ఆపలేదు... ఆపితే ఏమవుతుందోనని భయం. నాలుక పిడచ కట్టుకుపోతుండగా అమ్మ బయటికి వచ్చింది.

"చాల్లేరా. జ్వరం దిగింది. నిద్రపోతోంది."

బండ మీద కూర్చుని ఏడ్చేశాను.

వేపాకు నీళ్ళు పోసుకున్న రోజున యాదమ్మత్త మళ్ళీ గడప మీదికొచ్చింది. ముఖం నిండా మచ్చలు. చేట ఒళ్ళో పెట్టుకుంది. నేను కథ అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నర్సు సచ్చిపోయింది గదా?"

నేను తల దించుకున్నాను.

"పుస్తకంల ఉన్నది చదివితే నాలుగు మాటలకోపారి ఆగుతవ్. డిక్షనరీ తీస్తవ్. గిన్ని దినాలు ఒక్కపారి ఆగలే నువ్వు. గడగడ చదివినవ్."

"తెలిసీ ఎందుకు విన్నావత్తా?"

బియ్యంలోంచి ఓ రాయి ఏరి పారేసింది. "నువ్వు గంత కష్టపడి బతికిస్తుంటే, వద్దంటనా?"

తర్వాత అలాంటి నవలలు చాలా చదివాను. నా ఇంగ్లీషంతా ఆ వైరస్‌లు నేర్పిందే. ఆ ఒక్క పుస్తకం మాత్రం నూట పన్నెండో పేజీ దాటలేదు. యాదమ్మత్త పోయి చాలా కాలమైంది.

కరోనా రోజుల్లో జ్వరంతో ఒక్కణ్ణే గదిలో పడి ఉన్నాను. చేతిలో ఫోన్ నిమిషానికో మరణాల అంకె చెప్పేది... అన్నీ నిజాలే. నేను మాత్రం, తలుపవతల ఎవరైనా పేజీ తిప్పుతారేమోనని చెవి ఒగ్గి పడుకున్నాను.

మీకు ఒంట్లో బాగాలేనప్పుడు మీ గడప అవతల కూర్చున్నదెవరు? చెప్పండి... వింటాను.